ఆయా లేకుండా బయల్దేరిన బస్సు

ప్రశ్న: మేడమ్, నేను బాచుపల్లి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని. మా దగ్గర తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న డ్రైవరన్న ఒకరున్నారు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఇంతవరకు ఒక్క కంప్లయింటు లేదు. జూలైలో పెద్ద వాన పడ్డ సాయంత్రం ప్రగతినగర్ ట్రిప్పులో రెండో తరగతి పాపను దించాల్సిన స్టాప్‌కి వాళ్ళమ్మ రాలేదు. అన్న ఫోన్ చేస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానని, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యకి అప్పజెప్పమని చెప్పిందట. మా రూలు ప్రకారం కార్డు చూపించిన వాళ్ళకే పిల్లల్ని ఇవ్వాలి. ఎవరూ రాకపోతే ట్రిప్పు ముగించుకుని పిల్లను తిరిగి స్కూలుకి తేవాలి. కానీ పాప బాత్రూమ్‌కి వెళ్ళాలని ఏడుస్తోంది. ఆ రోజు ఆయా సెలవు. అన్న బస్సు పక్కకి ఆపి, తాళం చెవి తీసుకుని, పదో తరగతి అబ్బాయికి చూస్తుండమని చెప్పి, పాపను ఎత్తుకుని రెండు సందుల అవతలున్న వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో దించి వచ్చారు. బస్సులో ఇంకా పద్నాలుగు మంది పిల్లలున్నారు. కెమెరాలో చూస్తే పదకొండు నిమిషాలు. ఆ మధ్యలో ఒక యూకేజీ బాబు బస్సు దిగి నీళ్ళలోకి నడిచాడు. పదో తరగతి అబ్బాయే పట్టుకొచ్చాడు. ఎదుటి బిల్డింగులోంచి ఒకాయన వీడియో తీసి పేరెంట్స్ గ్రూపులో పెట్టాడు. "వాచ్‌మన్ పెళ్ళానికి పిల్లనిస్తాడా" అని సగం మంది, "ఇలాంటి డ్రైవరుకి సన్మానం చేయాలి" అని సగం మంది. కరస్పాండెంట్ సార్ తీసేద్దామంటున్నారు. శనివారంలోగా నన్ను రిపోర్టు ఇవ్వమన్నారు. అన్న ఆ సమయంలో నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. నిజాంపేటలో మా ఇంకో బస్సు నీళ్ళలో ఆగిపోతే ఆ గొడవలో పడి నేను ఎత్తలేదు. ఆయన్ని అడిగితే "ఆ పాప చోట నా మనవరాలున్నా అంతే చేస్తా సార్, రేపైనా అంతే చేస్తా" అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం రాయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

ఉద్యోగం తీసేసేంత తప్పు ఆయన చేయలేదు. మీకు శనివారం దాకానే గడువుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. అలాగని సన్మానం చేయాలన్న వాళ్ళ జట్టులో నన్ను కలపకండి. ఆయన చేసిన దాంట్లో చాలా పెద్ద పొరపాటొకటి ఉంది. గ్రూపులో అందరూ పట్టుకున్నది మాత్రం దాన్ని కాదు.

పాపను వాచ్‌మన్ భార్యకి అప్పజెప్పడం సంగతి ముందు చూద్దాం. కార్డు రూలు మంచిదే. పిల్లల మీద జరిగే లైంగిక అఘాయిత్యాల్లో అత్యధిక శాతం తెలిసినవాళ్ళు చేసేవేనని జాతీయ నేర గణాంకాల విభాగం ఏటా చెబుతూనే ఉంది. అందుకే ముఖపరిచయం చాలదని, కార్డు ఉండాలని స్కూళ్ళు పట్టుబడతాయి. అయితే ఇక్కడ డ్రైవరు పాప తల్లికి ఫోన్ చేశాడు. ఎవరికివ్వాలో తల్లే చెప్పింది. చెప్పిన మనిషికే ఇచ్చాడు. చేయాల్సింది ఇంకొక్కటే ఉంది: ఆ మాట తల్లి చేత మెసేజ్‌గా పెట్టించుకోవడం. ఆ ఒక్క మెసేజ్ లేకపోవడం మెమోతో సరిపోయే విషయం. అదే అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే డాక్టరుగారికి పాపను ఇచ్చి ఉంటే మీ గ్రూపులో ఇంత రచ్చ అయ్యేదా? "వాచ్‌మన్ పెళ్ళాం" అని రాసినవాళ్ళకి పట్టింది కార్డు కాదు, ఆమె గుమ్మం. సొంత బిడ్డను వాన రోజున తల్లి ఎవరి మీద నమ్మకంతో వదిలిందో ఆమెను పట్టుకుని ఆ మాటలనడం నాకు నచ్చలేదు. మీ రిపోర్టులో ఆమె ప్రస్తావన వచ్చిన చోట 'తల్లి సూచించిన వ్యక్తి' అని రాయండి, చాలు.

అసలు పొరపాటు ఆ పదకొండు నిమిషాలు. పద్నాలుగు మంది పిల్లలతో ఉన్న బస్సును వానలో, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద, పెద్దవాళ్ళెవరూ లేకుండా వదిలేశాడు. తాళం చెవి తీసుకెళ్ళడం తెలివైన పనే. కానీ తాళం చెవి ఇంజన్‌ని ఆపుతుంది గాని యూకేజీ పిల్లాణ్ణి ఆపదు. పదో తరగతి అబ్బాయి బుద్ధిమంతుడు కాబట్టి పట్టుకొచ్చాడు. వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉంటే? ఇంతకీ పదిహేనేళ్ళ పిల్లాడి మీద అంత బరువు పెట్టడం కూడా తప్పే. ఆ బాబుకి ఏమైనా అయి ఉంటే వాడు జన్మంతా దాన్ని మోసేవాడు. ఈ అబ్బాయిని ఎవరైనా పిలిచి ఒక మంచి మాట చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. చెప్పకపోతే రేపే పిలిపించండి.

"ఏమీ కాలేదు కదా" అన్న వాదన మీ దగ్గరకి తప్పకుండా వస్తుంది. దాన్ని రిపోర్టులోకి రానివ్వకండి. 2023 సెప్టెంబరులో అదే ప్రగతినగర్‌లో నాలుగేళ్ళ బాబు నాలాలో పడి కొట్టుకుపోయాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో వాన కురిసిన పొద్దున పాల కోసం బయల్దేరిన ఆడపిల్ల నాలాలో పడి చనిపోయింది. 2020లో నేరేడ్‌మెట్‌లో సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిన అమ్మాయిదీ అదే గతి. ఈ ఊళ్ళో నీళ్ళు నిలిస్తే రోడ్డేదో నాలా ఏదో పెద్దవాళ్ళకే తెలియదు. మీ డ్రైవరుకి ఇదంతా మనకంటే బాగా తెలుసు. పాపను ఒంటరిగా దించేయకుండా ఎత్తుకుని వెళ్ళాడంటే ఆ భయంతోనే. మరి ఆ భయమే బస్సులో ఉన్న పద్నాలుగు మంది గురించి ఎందుకు కలగలేదు? ఏడుస్తున్న పిల్ల కళ్ళెదుట ఉంది. కూర్చున్న పిల్లలు వెనకున్నారు. మంచి మనసున్న వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎదుట కనబడే కష్టం ముందు వెనకున్న ప్రమాదం ఆనదు. స్కూలు బస్సు రూళ్ళన్నీ ఆ వెనక సీట్లలో వాళ్ళ కోసం రాసినవే.

పాపను బస్సులోనే ఉంచుకుని ట్రిప్పు ముగించి ఉండాల్సింది. బాత్రూమ్ సంగతేమిటని అడుగుతారు. బస్సు నేరుగా ఆ అపార్ట్‌మెంట్ గేటు దాకా పోలేదా? పోలేకపోతే ఎక్కడైనా పెట్రోలు బంకు దగ్గర ఆపి, బస్సు తలుపు ముందే నిలబడి, అక్కడున్న మహిళా సిబ్బంది సాయం అడగలేడా? వానలో, నీళ్ళలో, పిల్లలు అరుస్తుంటే ఇంత ఆలోచన రాదు, ఒప్పుకుంటాను. ఏడేళ్ళ ఆడపిల్ల బాత్రూమ్ అని ఏడుస్తుంటే మగ డ్రైవరు ఎంత ఇబ్బంది పడతాడో కూడా ఊహించగలను. దగ్గరకి తీసుకుంటే ఒక మాట, తీసుకోకపోతే ఇంకో మాట.

సరిగ్గా అందుకే బస్సులో ఆయా ఉంటుంది.

మీ ఉత్తరంలో ఈ విషయానికి మీరిచ్చిన చోటు నాలుగు మాటలు: "ఆ రోజు ఆయా సెలవు." కామా దగ్గర ఆగినంత సేపు కూడా అక్కడ ఆగలేదు మీరు. నాకు మాత్రం కథంతా అక్కడే మొదలైందనిపిస్తోంది. ఆయా సెలవు పెట్టడం ఆమె హక్కు. ఆమె బదులు ఇంకొకరిని ఎక్కించకుండా బస్సును గేటు దాటించిందెవరు? స్కూలు బస్సుకు డ్రైవరుతో పాటు అటెండెంటు ఉండాలని మన రవాణా శాఖ నిబంధనలు చెబుతున్నాయి. జూన్‌లో బడులు తెరిచే ముందు ఫిట్‌నెస్ తనిఖీకి బస్సు తీసుకెళ్ళేటప్పుడు ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండరు, వేగం కట్టడి చేసే పరికరం అన్నీ సరిచూసుకుంటాం. జూలైలో ఆయా రాకపోతే మాత్రం "ఒక్కరోజుకేం" అనుకుంటాం. ఆ ఒక్కరోజే వాన పడుతుంది.

ఆ సాయంత్రం ఆయా ఉండి ఉంటే పాపను ఆమె తీసుకెళ్ళేది, డ్రైవరు బస్సులో ఉండేవాడు. లేదా డ్రైవరు వెళ్తే ఆమె పిల్లల దగ్గర ఉండేది. ఈ ఉత్తరమే మీరు రాయాల్సి వచ్చేది కాదు. రూలు మీరింది డ్రైవరే కావచ్చు. కానీ ఆ బస్సు స్కూలు గేటు దాటిందే రూలు మీరి. ఇక ఫోన్ విషయం. రెండుసార్లు చేశాడు. చేయకుండా సొంతంగా నిర్ణయం తీసుకుని ఉంటే నేను ఇంకోలా రాసేదాన్ని. అడుగుదామని చూశాడు, చెప్పేవాళ్ళు దొరకలేదు. మీరు ఖాళీగా కూర్చోలేదని నాకూ తెలుసు, నిజాంపేటలో బండారి లేఅవుట్ వైపు వాన పడితే ఏమవుతుందో హైదరాబాద్‌లో తెలియనిదెవరికి? అయినా వాన రోజున ముప్పై బస్సులకో నలభై బస్సులకో ఒక్కటే ఫోన్ నంబరు ఉండటం స్కూలు తప్పు. తిలాపాపం తలా పిడికెడు అంటారు చూడండి, అందులో మీ పిడికెడు, కరస్పాండెంట్ గారి పిడికెడు కూడా రిపోర్టులో ఉండాలి. ఉంచితే మీకు ఇబ్బందే. ఉంచకపోతే మీరు రాసేది రిపోర్టు కాదు, డ్రైవరు మీద ఫిర్యాదు.

ఎలా రాయాలో చెబుతాను. గంట గంటకీ ఏం జరిగిందో వరసగా రాయండి. ఆయా రాలేదని ఎన్నింటికి తెలిసింది, బదులు మనిషి కోసం ఎవరైనా ప్రయత్నించారా, బస్సు ఎన్నింటికి కదిలింది, ఫోన్లు ఎన్నింటికి వచ్చాయి, తల్లితో మాట్లాడింది ఎప్పుడు, బస్సు ఆగిందెప్పుడు, బాబు దిగిందెప్పుడు. ఫోన్లో కాల్ లిస్టు, బస్సు కెమెరా రికార్డింగు ఇప్పుడే భద్రపరచండి. చాలా కెమెరాల్లో కొన్నాళ్ళకి పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. "మంచి ఉద్దేశంతో", "నిర్లక్ష్యంగా" లాంటి మాటలేవీ ఈ భాగంలో వద్దు. వరస సరిగ్గా ఉంటే చదివినవాళ్ళకి అవే తెలుస్తాయి.

తర్వాత, తీసేయడమంటే చీటీ రాసి చేతిలో పెట్టడం కాదని కరస్పాండెంట్ గారికి గుర్తు చేయాల్సింది మీరే. ప్రైవేటు విద్యాసంస్థల్లో ఉద్యోగిని తొలగించే ముందు అభియోగాలు తెలియజేసి, విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని మన 1982 విద్యా చట్టంలోనే ఉంది. బస్సు డ్రైవర్ల విషయంలో దీనికి పెద్ద చరిత్రే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం నడిపే మహిళా కళాశాల బస్సు డ్రైవర్లను తీసేస్తే ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చదువు చెప్పడం పరిశ్రమ కాదు కాబట్టి ఆ డ్రైవర్లకు కార్మిక చట్టం వర్తించదని 1963లో తీర్పొచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత, 1978లో, జస్టిస్ కృష్ణయ్యర్ ప్రధాన తీర్పు రాసిన ఏడుగురు జడ్జీల ధర్మాసనం బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఆ మాటను తిరగరాసింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కార్మిక చట్టం స్థానంలో కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ధర్మసంస్థలు నడిపే వాటికి అందులో మినహాయింపు ఉంది కాబట్టి మీ స్కూలు ఏ ట్రస్టు కింద ఉందో చూసి లాయరు చెప్పాలి. ఏ చట్టం కిందికి వచ్చినా విచారణ లేకుండా తీసేస్తే స్కూలే చిక్కుల్లో పడుతుంది. తప్పుకి తగని శిక్షను కోర్టులు కొట్టేసిన సందర్భాలకి లెక్కలేదు. తొమ్మిదేళ్ళ మచ్చలేని పని, పైగా ఆయా లేదు, పైగా రెండు ఫోన్లు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఏ లాయరైనా స్కూలు తరఫున నిలబడటానికి తటపటాయిస్తాడు.

చట్టం గురించి చెప్పిందంతా ఆయన పక్షానే ఉంది. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఆయన చివరి మాట. "రేపైనా అంతే చేస్తా." మనవరాలి పేరెత్తేసరికి మీ గుండె కరిగి ఉంటుంది. నాకు మాత్రం వెనక సీట్లో ఉన్న యూకేజీ బాబు కూడా ఎవరికో మనవడే కదా అనిపించింది. ఆ రోజు కంగారులో చేశానని చెప్పే మనిషిని బస్సెక్కించవచ్చు. రేపూ పిల్లల్ని వదిలేసి వెళ్తాననే మనిషిని ఎక్కించడం కష్టం, ఎంత మంచివాడైనా. అయితే ఆ మాట ఆయన ఏ సందర్భంలో అన్నాడో చూడాలి. చుట్టూ జనం వేలెత్తి చూపిస్తుంటే, పాపను ఎందుకిచ్చావని అడిగితే అన్న మాట అయితే, అది పాప గురించి చెప్పిన సమాధానం. పద్నాలుగు మంది గురించి ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. గ్రూపులో గొడవంతా పాప గురించే కదా.

కాబట్టి రిపోర్టు రాసే ముందు ఆయన్ని పిలవండి. ఆఫీసులో బల్ల అవతల నిలబెట్టి కాదు, బస్సులో. ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని ఆ పదకొండు నిమిషాల రికార్డింగు ఫోన్లో చూడండి. బాబు మెట్లు దిగే చోట ఆపండి. మీరేమీ అనొద్దు, ఆయన్నే మాట్లాడనివ్వండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, రేపు ఇదే వాన, ఇదే పాప, ఆయా లేదు, నేను ఫోన్ ఎత్తలేదు. ఏం చేస్తావు?" పాపను బస్సులోనే ఉంచుకుంటానన్నా, బస్సునే గేటు దాకా తీసుకెళ్తానన్నా, ఆయా లేకపోతే అసలు బస్సు కదిలించనన్నా, ఆయన్ని నిశ్చింతగా కొనసాగించండి. ఆ చివరి జవాబొస్తే మీకే పాఠం చెప్పినట్టు. రికార్డింగు చూశాక కూడా "వదిలేసి వెళ్తా" అంటే బస్సు డ్యూటీ నుంచి తప్పించి స్కూల్లో వేరే పని ఇవ్వడం తప్ప దారి లేదు. అప్పుడైనా ఉద్యోగం తీయడం దాకా పోనక్కర్లేదు.

శిక్ష ఎంత అంటే: లిఖితపూర్వక సంజాయిషీ, హెచ్చరిక మెమో, ఈ ఏడాది ఇంక్రిమెంటు నిలుపుదల. దసరా సెలవుల దాకా చిన్నపిల్లల ట్రిప్పు కాకుండా స్టాఫ్ బస్సు. ఇంతకు మించితే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. ఇంక్రిమెంటు కూడా వద్దని కొందరంటారు. నేను ఉండాలనే అంటాను. శిక్షేమీ లేకపోతే వీడియో చూసిన మిగతా డ్రైవర్లకి, మనసు మంచిదైతే ఏం చేసినా చెల్లుతుందన్న మాటే చేరుతుంది. వాళ్ళందరూ ఈయనంత జాగ్రత్తపరులు కారు.

గ్రూపులో మీరు వాదించకండి. ప్రిన్సిపాల్ పేరుతో ఒక్క నోటీసు పెట్టించండి: విచారణ జరుగుతోంది, ఇకపై అటెండెంటు లేకుండా ఏ బస్సూ గేటు దాటదు, కార్డుతో పాటు ప్రతి పిల్లకీ ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు రాసివ్వాలి, రూట్ ఫోన్ కాక రెండో అత్యవసర నంబరు ఇదీ. ఆ రెండో పేర్ల జాబితాలో వాచ్‌మన్ భార్యల పేర్లు ఎన్ని వస్తాయో చూడండి, నవ్వొస్తుంది. వీడియో తీసినాయన మీద కోపం పెట్టుకోకండి. బాబు నీళ్ళలోకి దిగుతుంటే కిందికి పరుగెత్తకుండా ఫోన్ పట్టుకుని నిలబడ్డాడేమిటని నాకూ అనిపించింది గానీ, ఆయన వల్లే ఈ విషయం బయటికొచ్చింది. ఆ యూకేజీ బాబు తల్లిదండ్రుల ఇంటికి మాత్రం ప్రిన్సిపాల్ స్వయంగా వెళ్ళాలి. ఈ గొడవలో గట్టిగా అడిగే హక్కు వాళ్ళకే ఉంది. వాళ్ళు గ్రూపులో ఏమన్నారో మీరు రాయలేదు.

కరస్పాండెంట్ గారు ఇదంతా చదివి కూడా తీసేయాల్సిందేనంటే, మీ అభిప్రాయం వేరని రిపోర్టు చివర రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అప్పుడు డ్రైవరుకి రావలసినవి మాత్రం పైసాతో సహా వచ్చేలా చూడండి. ఐదేళ్ళు దాటిన సర్వీసుకి గ్రాట్యుటీ ఉంటుంది, స్కూలైనా సరే. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కేస్తారు. బేసిక్, డీఏ కలిపి 18,000 అనుకుంటే తొమ్మిదేళ్ళకి 93 వేల పైచిలుకు. ఇలాంటి తప్పుకి దాన్ని ఆపే వీలు చట్టంలో లేదు. పీఎఫ్ కాగితాలు, నోటీసు కాలం జీతం కూడా. అన్నిటికన్నా ముఖ్యం అనుభవ ధ్రువపత్రం. మన దగ్గర స్కూలు బస్సు నడపడానికి డ్రైవరు వయసు 60 దాటకూడదు, అంటే ఆయనకి ఇంకా ఆరేళ్ళు ఉన్నాయి. కాగితం మీద "తొలగించబడ్డాడు" అని ఉంటే ఇంకో స్కూలు తలుపు తీయదు. టిప్పరో ట్రావెల్స్ బస్సో ఎక్కాలి, రాత్రిళ్ళు. "తొమ్మిదేళ్ళు పనిచేశాడు, ఒక్క ప్రమాదం లేదు" అన్న రెండు వాక్యాలు స్కూలు లెటర్‌హెడ్ మీద మీరు ఇప్పించగలరు. రిపోర్టుతో పాటే ఆ కాగితం కూడా టైపు చేయించి శనివారం సంతకానికి పెట్టండి.